మూడు ముక్కలాట తెలిసినవారికి పోకర్‌లో ఒక తికమక

ప్రశ్న: మూడు ముక్కలాటలో వరుస (వరుస అంకెల ముక్కలు) కలర్‌ను (అన్నీ ఒకే గుర్తు ముక్కలు) గెలుస్తుందని చిన్నప్పటి నుంచి తెలిసిన నాకు, టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్ రకంలో కలరే పెద్దదనడం విడ్డూరంగా ఉంది. దీనికి కారణమేమిటి? కొత్తవారు ముందుగా ఏమి నేర్చుకోవాలి?

జవాబు 1: కారణం లెక్కలోనే ఉందండి. మూడు ముక్కలతో వరుసలు 720, కలర్లు 1,096 ఏర్పడతాయి కనుక అక్కడ వరుసే అరుదు. అయిదు ముక్కలకు వచ్చేసరికి మొత్తం 25,98,960 కూర్పులలో వరుసలు 10,200 ఉండగా, కలర్లు 5,108 మాత్రమే. ఒకే గుర్తుతో వచ్చే వరుసలను రెండు లెక్కల్లోనూ మినహాయించాను.

జవాబు 2: ముందు ఆట నడక పట్టుకోండి. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచి, ఒక విడత పందెం ముగిశాక బల్లపై మూడు ముక్కలు తెరుస్తారు. దీనిని ఫ్లాప్ అంటారు. తరువాత టర్న్ అనే నాలుగో ముక్క, రివర్ అనే అయిదో ముక్క ఒక్కొక్కటిగా తెరుస్తారు. ప్రతి దశలోనూ పందెం ఉంటుంది. ఈ ఏడింటిలో మేలైన అయిదే మీ చెయ్యి.

జవాబు 3: నా దృష్టిలో కూర్చున్న స్థానం అంతకంటే ముఖ్యం. డీలర్ బిళ్ల (పంచేవారి స్థానాన్ని చూపే గుర్తు) ఉన్నవారు ఫ్లాప్ నుంచి అందరికంటే చివర నిర్ణయిస్తారు కాబట్టి, మిగతావారి పోకడ చూసే వీలు వారికే ఉంటుంది. రమ్మీలో మొదట్లోనే డ్రాప్ అయినట్లు, ఇక్కడా బలహీనమైన ముక్కలను వెంటనే వదిలేయాలి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 నాటి కేంద్ర చట్టం నిషేధించింది కనుక, ఇంట్లో చింతపిక్కలతోనే సాధన చేస్తాను.