రబ్బీ గారి గ్రంథాలు వారసులకా, శిష్యులకా?

తాళపత్రం: యూదుల్లో ఒక భక్తి శాఖవారైన చబాద్ హసీదీల ఆరవ గురువు రబ్బీ (యూదు మతాచార్యులు) యోసెఫ్ యిత్స్‌హాక్ ష్నీర్సన్ 1940లో న్యూయార్క్ చేరారు. 1950లో ఆయన కన్నుమూసేనాటికి బ్రూక్లిన్‌లో ఆయన ఉన్న ఇంట అరుదైన హీబ్రూ గ్రంథాలు వేలల్లో ఉన్నాయి. 1980లలో ఆయన మనవడు వాటిలో కొన్ని వందలు తీసుకువెళ్లి, కొన్నింటిని అమ్మగా, చబాద్ సంస్థ దావా వేసి 1987 జనవరిలో గెలిచింది. తాత సొత్తు మనవడికి దక్కకూడదనే ఆ తీర్పు నాకు మింగుడుపడడం లేదు.

పీటముడి: ఆ సొత్తు తనది కాదని తాతగారే రాశారు. పోలండ్‌లో చిక్కుకున్న పుస్తకాలు సంస్థవేనని అమెరికా విదేశాంగ శాఖకు చెప్పమని కోరుతూ, 1946లో యూదు థియలాజికల్ సెమినరీ గ్రంథాలయాధికారి అలెగ్జాండర్ మార్క్స్‌కు ఆయన పంపిన ఉత్తరాన్ని ముందు చదవండి.

తాళపత్రం: పుస్తకాలను బయటికి రప్పించుకోవడానికి అలా రాశారు, అంతే. వారసులూ ఆ మాటే అన్నారు.

పీటముడి: అంటే రబ్బీ గారు అబద్ధమాడారనా? అంతటి మనిషి ఒకటి రాసి మరొకటి మనసులో పెట్టుకున్నారనడం పొసగదని న్యాయమూర్తి చార్లెస్ సిఫ్టన్ కూడా భావించారు.

దారినపోయే దానయ్య: ఆ ఒక్క ఉత్తరాన్నే ఎన్నాళ్లు పట్టుకు వేలాడతారు? పుస్తకాలు కొనడానికి డబ్బు ఎవరిచ్చారో చెప్పండి.

తాళపత్రం: మా తాతగారి వ్యాకరణ గ్రంథాలను “ఊరి సొత్తు” అంటూ పెద్దమనుషులు బండికెత్తించుకు పోయారు. అంచుల్లో తాతగారు పెన్సిలుతో రాసుకున్న ప్రతిని ఒక్కసారి చూడడానికి మా నాన్న గుమాస్తా ముందు పూటంతా నిలబడ్డారు; తీరా బీరువా తెరిస్తే సగం చెదలు తినేసింది. సమాజం సొత్తు అన్న మాట వింటే నాకు ఆ బీరువానే గుర్తొస్తుంది.

పీటముడి: మీ ఇంటి గోడు తెచ్చి బ్రూక్లిన్ కోర్టు మీద రుద్దితే ఎలాగండీ? రబ్బీ గారి రెండో కుమార్తె హయా ముష్కా ఏమని సాక్ష్యమిచ్చారో తెలుసా? తన తండ్రే హసీదీల మనిషి కనుక ఆయన పుస్తకాలూ వాళ్లవేనన్నారు.

తాళపత్రం: నా బాధంతా అక్కడే ఉంది. ఉత్తరం సంగతి అలా ఉంచండి. మనిషినే శిష్యులకు ధారపోశాక ఇంటివాళ్లకు మిగిలేదేమిటి? పైగా ఆవిడ ఆ తర్వాత చబాద్‌కు పెద్ద అయిన ఏడవ గురువు గారి భార్య, ఇంకెలా చెబుతారు?

పీటముడి: ఆవిడ కూడా వారసురాలేనండీ. ఆ మాటతో తన వాటానూ తానే వదులుకున్నారు.