పిడుగుల కాలంలో యాంటెనా: కేబుల్ ఊడదీస్తే చాలా, ఎర్తింగ్ తప్పదా?

కొత్తతరంగం:
నా రేడియో సెట్ కోసం ఇంటిపైన 9 మీటర్ల మాస్ట్ (స్తంభం) నిలబెట్టి డైపోల్ (తీగ యాంటెనా) కట్టాను. ఒక సీనియర్ గారు "ఉరుము వినబడగానే కోయాక్స్ (యాంటెనా నుంచి రేడియోకు వచ్చే కేబుల్) ఊడదీయి, అంతకుమించి ఏమీ అక్కర్లేదు" అన్నారు. ఇంకొకరేమో ఎర్త్ రాడ్ దించేదాకా ఆ కేబుల్ ఇంట్లోకే తేవద్దన్నారు. ఎవరి మాట వినాలి?

డైపోల్‌ప్రియుడు:
ఊడదీయండి. పిడుగులో మామూలుగా 30 వేల ఆంపియర్ల కరెంటు ఉంటుంది. వేలెడంత అరెస్టర్ (పిడుగు కరెంటును నేలకు మళ్లించే పరికరం) దాన్ని ఆపుతుందంటే నేను నమ్మను. రిగ్‌కు (రేడియో సెట్‌కు) ఏ తీగా తగిలి లేకపోతే పిడుగు దాని జోలికి ఎలా వస్తుంది? పైగా మాస్ట్‌కి మంచి ఎర్త్ ఇస్తే పిడుగుని చేతులారా పిలిచినట్టే. కేబుల్‌తో పాటు పవర్ ప్లగ్గూ పీకేసి పడుకోండి.

నేలకంబి:
ఆ "పిలిచినట్టే" అన్న మాట దగ్గరే నాకు పేచీ. పిడుగుని రప్పించేది ప్రధానంగా ఎత్తు. ఎర్త్ ఇచ్చినా ఇవ్వకపోయినా మాస్ట్ ఎత్తు అంతే కదా! ఎర్త్ లేకపోతే కరెంటు నేలకు దారి తానే వెతుక్కుంటుంది, మీ గోడలోని వైరింగ్ గుండా అయినా సరే.

1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గియోర్గ్ రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త, మబ్బుల్లోని విద్యుత్తును కొలుద్దామని కప్పు మీది కడ్డీ నుంచి ఇంట్లోకి తీగ తెచ్చుకున్నాడు. ఆ తీగకు నేలతో సంబంధం లేదు. ఉరుముల వేళ పరికరం దగ్గర నిలబడి ఉండగా దెబ్బ తగిలి ప్రాణం పోయింది. ఊడదీసి టేబుల్ మీద వదిలేసిన కోయాక్స్ చివరా అలాంటిదే. ఉరుము వినబడిందంటే అప్పటికే మనం పిడుగు పడగల దూరంలో ఉన్నట్టు. సరిగ్గా అప్పుడే వెళ్లి కనెక్టర్‌ని చేత్తో పట్టుకోమనడం ఏమిటండీ!

డైపోల్‌ప్రియుడు:
సరే, ఊడదీసేది ఇంటి బయట, ముందుగానే చేయాలి. ఒప్పుకుంటాను. కానీ పెద్ద దెబ్బ తిన్న అరెస్టర్ ఇంకా పనిచేస్తోందో లేదో పైకి చూస్తే తెలియదు. అది ఉందన్న ధీమాతో ఊడదీయడమే మానేసేవాళ్ల గురించే నా టెన్షన్.

గాలితీగ:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇంటి ఎర్త్‌లోని నాయిస్ రాకూడదని రేడియోకు విడిగా రాడ్ దించాను. రెండూ కలపలేదు. పర్వాలేదా?

నేలకంబి:
వద్దండీ, వెంటనే కలపండి. 10 ఓముల రాడ్‌లోకి 30 వేల ఆంపియర్లు దిగితే ఆ రాడ్ 3 లక్షల వోల్టులకు లేస్తుంది. ఇంటి ఎర్త్ కిందే ఉండిపోతుంది. ఆ రెంటి మధ్య ఇరుక్కునేది మీ రిగ్: ఒక పక్క కోయాక్స్, మరో పక్క పవర్ సప్లై. మందపాటి రాగి తీగతో బయటి నుంచే రెండు రాడ్లనూ కలిపితే రెండూ దాదాపు కలిసే లేస్తాయి, రిగ్ మీద పడే తేడా బాగా తగ్గుతుంది.

ఎర్త్ తీగ పొట్టిగా, తిన్నగా ఉండాలి. మీటరు తీగకు సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటులో మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది. కరెంటు మైక్రోసెకనుకు 20 వేల ఆంపియర్ల చొప్పున పెరిగితే ఆ ఒక్క మీటరు మీదే 20 వేల వోల్టులు! మిగిలిన తీగను చుట్టలా చుట్టి క్లాంప్ పక్కనే వేలాడదీసేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ చుట్టను కోసేయండి. వెడల్పాటి రాగి పట్టీ దొరికితే ఇంకా మేలు.

కొత్తతరంగం:
అయితే నేను ఏ వరసలో చేయాలి?

నేలకంబి:
ముందు రాడ్, ఇంటి ఎర్త్‌తో బాండింగ్ (తీగతో కలపడం). తర్వాత కేబుల్ లోపలికి వచ్చే చోట గోడ బయట ఒక మెటల్ ప్లేటు, దాని మీద అరెస్టర్. రోటేటర్ (యాంటెనాను తిప్పే మోటారు) వైర్లుంటే అవీ ఆ ప్లేటు మీదుగానే రావాలి. ఊడదీయడం కూడా అక్కడే, రేడియో వాడని ప్రతిసారీ.

డైపోల్‌ప్రియుడు:
రాడ్ దించే వీలే లేనివాళ్ల సంగతేంటి? వాళ్లకు నా పద్ధతే గతి.

నేలకంబి:
కాదండీ. వాళ్లు పిడుగుల కాలంలో తీగను పూర్తిగా దించేసుకోవాలి. పైన వేలాడుతూ, కింద ఎర్త్ లేని తీగను ఎవరికీ నేను సరేననలేను.