అన్న చెట్టు మీది నుంచి పడి ఆరేళ్లయింది. స్టెమ్ సెల్స్ కోసం పొలం అమ్మొచ్చా?

నల్గొండ తమ్ముడు:
అందరికీ నమస్తే. మా అన్న గీత కార్మికుడు. 2019లో మోకు జారి తాడిచెట్టు మీది నుంచి పడ్డాడు. వీపు కింది భాగంలో, డీ12 దగ్గర వెన్నుపూస విరిగి వెన్నుపాము నలిగింది. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. నడుం కింద స్పర్శ లేదు. మూత్రానికి రోజుకు ఐదుసార్లు పైపు పెట్టుకుంటాడు. రిపోర్టులో 'ఆసియా ఏ' అని ఉంది, అంటే దెబ్బ కింద స్పర్శ, కదలిక పూర్తిగా లేవన్నమాట.

మొన్న వాట్సాప్‌లో ఒక క్లినిక్ వీడియో వచ్చింది. తుంటి ఎముకలోంచి మూలకణాలు, అదే స్టెమ్ సెల్స్, తీసి వెన్నులోకి ఎక్కిస్తారట. మూడు విడతలకు తొమ్మిది లక్షలు. ఫోన్ చేస్తే ఈ నెలలో వస్తే లక్ష తగ్గిస్తామన్నారు. అమ్మ అర ఎకరం అమ్ముదామంటోంది. అన్న ఏమీ అనడు. రాత్రిపూట సౌండ్ తగ్గించి ఆ వీడియోనే మళ్లీ మళ్లీ చూస్తున్నాడు. ఇక్కడ ఎవరైనా చేయించుకున్నారా?

పాత కుర్చీ:
నేను చేయించుకున్నాను తమ్ముడూ. నాది డీ10, లారీ గుద్దింది. కుర్చీలో పదిహేడేళ్లు. ఐదో ఏట ఆరు లక్షలు కట్టాను, అందులో నాలుగు అప్పు.

రెండో ఇంజెక్షన్ అయిన వారానికి కాళ్లలో వేడి పుట్టినట్టనిపించింది. బొటనవేలు కదిలింది. ఇంట్లో ఏడుపులు, కొబ్బరికాయలు. క్లినిక్ వాళ్లు వచ్చి వీడియో తీసుకున్నారు. నాలాంటి వాళ్లవే ఆ వీడియోలన్నీ!

నెల తర్వాత మా ఆవిడకు అనుమానమొచ్చింది. నన్ను కళ్లు మూసుకోమని చీపురుపుల్లతో పాదాల మీద గుచ్చింది. "ఇప్పుడు ఏ కాలు?" అంది. కుడి అన్నాను, గుచ్చింది ఎడమ. మళ్లీ అడిగితే ఎడమ అన్నాను. ఈసారి అసలు గుచ్చనే లేదట. వేలు కదలడం స్పాజమ్, అంటే కండరం దానంతటదే బిగుసుకోవడం. ఇంజెక్షన్‌కు ముందూ ఉండేది, ఎవరూ పట్టించుకోలేదు. నేను కదపాలనుకున్నప్పుడు మాత్రం కదల్లేదు, ఇప్పటికీ కదలదు.

అప్పు తీరడానికి ఏడేళ్లు పట్టింది. ఆ ఇంజెక్షన్ల తిరుగుళ్లలో కార్లో గంటలు గంటలు కూర్చొని పిరుదు మీద పడిన పుండు మానడానికి ఎనిమిది నెలలు.

ఫిజియో అక్క:
వెన్నుపాము దెబ్బలు చూసే వార్డులో చేస్తాను. పరిశోధన బూటకం కాదు, కానీ అది ఎవరి మీద జరుగుతోందో చూడండి. జపాన్‌లో 2018 చివర్లో షరతులతో అనుమతిచ్చిన స్టెమిరాక్ అనే మూలకణాల చికిత్స దెబ్బ తగిలిన నెలలోపు వాళ్లకే. దాని మీద కూడా, సరైన పోలిక లేకుండా తొందరపడ్డారని బయటి శాస్త్రవేత్తలు తప్పుబట్టారు. అక్కడి కెయో యూనివర్సిటీ ఐపీఎస్ కణాల (మామూలు కణాలను మార్చి తయారుచేసిన మూలకణాలు) ప్రయోగంలో నలుగురే, వాళ్లూ కొత్తగా దెబ్బ తగిలినవాళ్లే. 2024లో అమెరికాలోని మేయో క్లినిక్ ప్రచురించిన దాంట్లో పదిమందిలో ఏడుగురికి ఆసియా గ్రేడ్ కనీసం ఒక మెట్టు మెరుగైంది. అది ప్రధానంగా భద్రత చూసిన మొదటి దశ ప్రయోగం. కణాలు ఇవ్వని వాళ్లతో పోల్చలేదు.

ఆరేళ్ల నాటి గాయం దారి వేరు. నలిగినచోట మచ్చ గట్టిపడుతుంది, చాలామందికి లోపల నీటితిత్తి ఏర్పడుతుంది. తెగిన నరాల తీగలు అది దాటి కిందికి పెరగాలి.

"పోతే డబ్బే కదా" అనేవాళ్లకు ఒక సంగతి. పోర్చుగల్‌లో ముక్కు లోపలి కణజాలం వెన్నుపాములో పెట్టించుకున్న అమెరికా అమ్మాయికి ఎనిమిదేళ్ల తర్వాత అక్కడే గడ్డ పెరిగింది. కోసి చూస్తే జిగురు కారే ముక్కు కణజాలమే. 2014లో డాక్టర్లు ప్రచురించిన కేసు.

మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాముకు మూలకణాలు ట్రయల్‌గానే ఇవ్వాలి. ట్రయల్ అయితే పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. క్లినిక్‌కు ఫోన్ చేసి సీటీఆర్ఐ నంబర్, అంటే దేశంలో ట్రయల్స్ నమోదుచేసే రిజిస్ట్రీలోని నంబర్ అడగండి.

నల్గొండ తమ్ముడు:
అడిగాను అక్కా. "అవన్నీ మీకెందుకు, ముందు అడ్వాన్స్ కట్టండి" అన్నారు. అమ్మకు చెప్తే వినలేదు. మాస్టారూ, మీ చీపురుపుల్ల సంగతి అన్నకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "వెల్లూరులో ఏం చేస్తారో అడుగు" అన్నాడు.

పాత కుర్చీ:
వెల్లూరు (రాయవేలూరు) సీఎంసీ ఆసుపత్రి రీహాబ్ నేను చూశాను. అది మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ తనే కాళ్లు చచ్చుబడి వీల్‌చెయిర్లో ఉండి ఆపరేషన్లు చేసింది. నడిపిస్తామని అక్కడ ఎవరూ నాకు మాటివ్వలేదు. మంచం నుంచి కుర్చీలోకి ఒక్కడినే దిగడం, మూత్రం ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడం నేర్పారు. నేను ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టింది అక్కడి నుంచి వచ్చాకే.

మీ అన్న కుర్చీలో కింద ఏం వేసుకుంటాడు? దిండా, గాలి కుషనా?

నల్గొండ తమ్ముడు:
మడిచిన బొంత.

పాత కుర్చీ:
ముందు అది మార్చండి. రేపు పొద్దున వెనక ఎర్రగా కందిందేమో అద్దం పెట్టి చూడమను. ఫోటో నాకు విడిగా పంపు, ఇక్కడ పెట్టకు.