ఫర్నేస్ రిపేరుకు ఎంత అవుతుంది? మీ బిల్లులో ఏమేం ఉన్నాయో చెప్పండి

కొత్తిల్లు:
ఈ ఇంట్లోకి వచ్చాక ఇది మొదటి చలికాలం. అమ్మినవాళ్లు ఇల్లు వేడి చేసే ఫర్నేస్ బాగానే పనిచేస్తుందన్నారు. నిన్నటి నుంచి వరస ఇలా ఉంది: థర్మోస్టాట్ పెంచగానే లోపల చిన్న ఫ్యాన్ తిరుగుతుంది, కాసేపటికి మంట అంటుకుంటుంది, నాలుగైదు సెకన్లలో ఆరిపోతుంది. మళ్లీ అంటుకుంటుంది, మళ్లీ ఆరిపోతుంది. చివరికి ఆగిపోయి, గంట తర్వాత మళ్లీ మొదలుపెడుతుంది. గ్యాస్ ఫర్నేస్, వయసు 13 ఏళ్లు.

రెండు చోట్లకు ఫోన్ చేశాను. ఒకరు వచ్చి చూస్తే తప్ప చెప్పలేమని, చూడటానికి ఛార్జీ ఇంత అని చెప్పారు. ఇంకొకరు ఫోన్‌లోనే "కంట్రోల్ బోర్డు (ఫర్నేస్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు) పోయి ఉంటుంది" అని దానికి నాలుగింతల మొత్తం చెప్పారు. ఇంట్లో పసిపాప, మా అమ్మగారు ఉన్నారు, టెన్షన్‌గా ఉంది. రేట్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి అంకెలు అడగడం లేదు. ఏ రిపేరు చిన్నది, ఏది పెద్దది, బిల్లు ఎక్కడ పెరుగుతుంది, ఇవి తెలిస్తే చాలు.

పానాపెట్టె:
చాలా ఏళ్లు ఈ సర్వీసు పని చేశాను కాబట్టి చెబుతున్నాను. మీరు రాసిన వరస చదివితే నాకు ముందు గుర్తొచ్చేది ఫ్లేమ్ సెన్సార్, బోర్డు కాదు. మంట అంటుకుందంటే దాన్ని వెలిగించే ఇగ్నైటర్ బాగుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంది, బోర్డు తన పని తాను చేస్తోంది. ఫ్లేమ్ సెన్సార్ అంటే మంటలో ఉండే ఒక సన్నని లోహపు కడ్డీ. ఆ కడ్డీ నుంచి మంట గుండా కొన్ని మైక్రోయాంపుల కరెంటు, అంటే చాలా కొద్ది కరెంటు పారుతుంది. దాన్ని చూసి బోర్డు "మంట ఉంది, గ్యాస్ వదలొచ్చు" అనుకుంటుంది. కాలం గడిచేకొద్దీ కడ్డీ మీద కంటికి సరిగా కనపడని పూత పేరుకుంటుంది. కరెంటు తగ్గిపోతుంది. మంట వెలగలేదనుకుని బోర్డు గ్యాస్ ఆపేస్తుంది. అలా కొన్నిసార్లు ప్రయత్నించి లాకౌట్‌లోకి పోతుంది, అంటే ప్రయత్నం ఆపేస్తుంది. చాలా మోడళ్లలో గంట తర్వాత దానంతటదే మళ్లీ ప్రయత్నిస్తుంది. మీరు చెప్పింది అచ్చంగా ఇదే.

సన్నటి స్టీల్ ఊల్‌తో ఆ కడ్డీని తుడవడం కొద్ది నిమిషాల పని. మార్చాల్సి వచ్చినా ఫర్నేస్‌లో అతి చవకైన పార్టుల్లో అదొకటి. ఫోన్‌లోనే బోర్డు అని తేల్చేసినవాళ్లను పక్కన పెట్టండి. వచ్చి చూస్తామన్నవాళ్లనే పిలవండి. చూసే ఛార్జీ దండగ అనుకోకండి, మీరు డబ్బు పెట్టాల్సింది ముందుగా దానికే.

లెక్కలరమణి:
కొత్తిల్లు గారూ, పిలిచే ముందు ఒక్క మాట అడగండి: రిపేరు కూడా వాళ్లతోనే చేయిస్తే చూసే ఛార్జీ బిల్లులో తగ్గిస్తారా? కొందరు తగ్గిస్తారు, కొందరు తగ్గించరు. అడగకపోతే ఎవరూ చెప్పరు.

నేను మా రిపేరు బిల్లులన్నీ దాచిపెట్టాను. వాటిని పక్కపక్కన పెడితే కనిపించేది, పార్టు అసలు ధర బిల్లులో చిన్న ముక్క. మిగతాదంతా ఇంటికి రావడం, లోపం కనిపెట్టడం, లేబర్, పార్టు మీద వేసుకునే లాభం. కొన్ని కంపెనీలు గంటల లెక్కన తీసుకుంటాయి. కొన్నింటికి ఫ్లాట్ రేటు పుస్తకం ఉంటుంది. "ఇగ్నైటర్ మార్పు ఇంత" అని రాసి ఉంటుంది, పావుగంటలో అయినా రెండు గంటలు పట్టినా అంతే. ఫ్లాట్ రేటు మోసమేమీ కాదు, ముందే మొత్తం తెలుస్తుంది కాబట్టి నాకు నయమే అనిపిస్తుంది. కాకపోతే చిన్న పనికి అది ఎక్కువగానే పడుతుంది. ఏ పద్ధతైనా సరే, పని మొదలుపెట్టక ముందే మొత్తం రాసి ఇమ్మనండి.

వెచ్చనిగూడు:
మా అనుభవం వేళ గురించి. సెలవు రోజు రాత్రి ఇగ్నైటర్ పోయింది. ఇల్లు చల్లబడిపోతుంటే భయపడి అప్పటికప్పుడు పిలిచాం. వచ్చినాయన మంచివాడు, పని శుభ్రంగా చేశాడు. కానీ బిల్లులో పార్టు, లేబర్ రెండూ కలిపినదానికంటే వేళ కాని వేళ వచ్చినందుకు వేసిన అదనపు ఛార్జీయే ఎక్కువ. తెల్లారేదాకా ఆగగలిగితే అదే పని సగంలోపు అయ్యేది.

మీ ఇంట్లో పసిపాప ఉంది కాబట్టి మీరు ఆగమని నేను అనను. బయట నీళ్లు గడ్డకట్టే చలి ఉంటే పైపులు పగిలే భయం కూడా ఉంటుంది. కానీ ఒక గదికి సరిపడా కరెంటు హీటర్ ఉండి, అందరూ ఆ గదిలో పడుకోగలిగితే పొద్దునే పిలవడం మేలు. గ్యాస్ పొయ్యి గానీ, ఓవెన్ గానీ వెలిగించి ఇల్లు వేడి చేసుకోవాలని మాత్రం చూడకండి. బొగ్గుల కుంపటి అసలే వద్దు.

తూర్పుగది:
నాకు జరిగింది కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మాది ఎక్కువ ఎఫిషియెన్సీ ఉన్న ఫర్నేస్, తెల్లటి ప్లాస్టిక్ పైపు బయటికి పోతుంది. చిన్న ఫ్యాన్ తిరిగేది గానీ మంట వచ్చేది కాదు. బోర్డు మీద లైటు చూపే లోపం కోడ్ చూసి ప్రెషర్ స్విచ్ (లోపల గాలి పీడనం సరిపోతేనే మంట రానిచ్చే స్విచ్) పోయిందన్నారు, మార్చారు, డబ్బు తీసుకున్నారు. వారం తిరగకముందే మళ్లీ అదే. ఈసారి వేరేవాళ్లను పిలిచాం. ఆయన మూత తీసి, పొగ చల్లబడి ఊరే నీళ్లు పోయే డ్రెయిన్ ట్రాప్ విప్పి చూపించారు. జిగటగా మడ్డి పట్టి మూసుకుపోయి ఉంది. నీళ్లు నిలబడి గాలి పీడనం సరిపోక స్విచ్ ఆన్ కావడం లేదట. అంటే పాత స్విచ్ చెప్పింది నిజమే. లోపం చెప్పిన స్విచ్‌ని మార్చారు, లోపాన్ని అలాగే వదిలేశారు. మొదటివాళ్లు ఆ డబ్బు తిరిగి ఇవ్వలేదు.

పానాపెట్టె:
తూర్పుగది గారు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోవాలి. ప్రెషర్ స్విచ్ కోడ్ వస్తే స్విచ్ పోయిందని అర్థం కాదు. ముందు చూడాల్సినవి డ్రెయిన్, రబ్బరు గొట్టం, బయట పైపు మూతి. ఆకులో, మంచో, పక్షి గూడో అడ్డం ఉండొచ్చు. లిమిట్ స్విచ్ కూడా అంతే. ఫిల్టర్ దుమ్ముతో నిండిపోతే గాలి ఆడక లోపల వేడెక్కి, లిమిట్ స్విచ్ బర్నర్‌ను ఆపేస్తుంది. అక్కడ స్విచ్ మారిస్తే ఏం లాభం? ఫిల్టర్ మార్చాలి.

ఏది చిన్నది, ఏది పెద్దది అని అడిగారు కదా. ఫ్లేమ్ సెన్సార్, ఎప్పుడూ చిన్న మంట (పైలట్) వెలిగే పాత మోడళ్లలో ఆ మంటను కనిపెట్టే థర్మోకపుల్, బోర్డు మీద ఉండే 3 లేదా 5 ఆంపుల చిన్న ఫ్యూజ్, మోటార్ తిరగడానికి సాయపడే కెపాసిటర్, ఇవన్నీ పార్టు ధర పెద్దగా లేనివి. మీరు కట్టేది దాదాపు మనిషి వచ్చినందుకే. ఇగ్నైటర్, ప్రెషర్ స్విచ్, లిమిట్ స్విచ్, ట్రాన్స్‌ఫార్మర్ దానికి ఒక మెట్టు పైన. ఇండ్యూసర్ మోటార్ (మొదట తిరిగే ఆ చిన్న ఫ్యాన్‌ది), గ్యాస్ వాల్వ్, కంట్రోల్ బోర్డు అయితే బిల్లు గట్టిగానే తగులుతుంది. అన్నిటికంటే పైన ఇంట్లోకి వేడి గాలి తోసే బ్లోయర్‌కు ఉండే ఇసిఎమ్ రకం (ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న) మోటార్, మంట వేడిని ఇంటి గాలికి అందించే లోహపు భాగమైన హీట్ ఎక్స్ఛేంజర్.

బ్లోయర్ విషయంలో రెండు మాటలు అడగండి. పాత రకం మోటార్ గుయ్యిమంటూ తిరగకపోతే కెపాసిటర్ కొలిచారా? దాని మీద రాసిన మైక్రోఫారడ్ విలువ కంటే బాగా తక్కువ వస్తే అది మార్చితే చాలు, మోటార్ బాగానే ఉండొచ్చు. ఇసిఎమ్ అయితే, మోటార్ పోయిందా లేక దానికి తగిలించిన ఎలక్ట్రానిక్ మాడ్యూల్ మాత్రమే పోయిందా? కొన్ని మోడళ్లలో మాడ్యూల్ విడిగా దొరుకుతుంది. ఈ రెండు ప్రశ్నలతో ఒక్కోసారి బిల్లు సగానికి దిగుతుంది.

సొంతచేయి:
ఇంత చిన్న పనులకు మనిషిని పిలవడం ఎందుకండీ? ఫ్లేమ్ సెన్సార్‌కు ఒకటే స్క్రూ. పవర్ ఆపి, గ్యాస్ ఆపి, తీసి తుడిచి పెట్టుకోవచ్చు. నేను ప్రతి ఏడాదీ చలి మొదలయ్యే ముందు చేసుకుంటాను. ఇగ్నైటర్ కూడా నేనే మార్చాను. మోడల్ నంబరు చూసి పార్టు తెప్పించుకుంటే బిల్లులో మూడొంతులు మిగులుతుంది.

పానాపెట్టె:
ఫ్లేమ్ సెన్సార్ వరకు మీతో ఒప్పుకుంటాను, చేతి మీద నమ్మకం ఉన్నవాళ్లకు. ఇగ్నైటర్ పెళుసుగా ఉంటుంది, వేడెక్కే భాగాన్ని చేత్తో ముట్టుకోకూడదు, జాగ్రత్త తెలిసినవాళ్లే పట్టుకోవాలి. కెపాసిటర్‌లో పవర్ ఆపాక కూడా ఛార్జ్ ఉంటుంది, షాక్ కొడుతుంది. గ్యాస్ వాల్వ్, గ్యాస్ పైపు, బర్నర్ ప్రెషర్ జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. అక్కడ మిగిలే డబ్బు ఇంట్లోవాళ్ల ప్రాణం కంటే ఎక్కువ కాదు. పైగా సొంతంగా విప్పితే వారంటీ చెల్లదనే కంపెనీలు ఉన్నాయి, కాగితం చదువుకోండి.

సొంతచేయి:
గ్యాస్ వైపు నేనూ వెళ్లను. ఆ మాట ముందే రాయాల్సింది.

వెచ్చనిగూడు:
ఏడాదికోసారి చెకప్ చేసే కాంట్రాక్టు తీసుకోవడం లాభమేనా? మాకు ప్రతి ఏడాదీ ఫోన్ చేసి అడుగుతున్నారు.

లెక్కలరమణి:
అందులో ఏమేం చేస్తారో చదివి తీసుకోండి. సెన్సార్ తుడవడం, డ్రెయిన్ కడగడం, బర్నర్లు చూడటం, వేళ కాని వేళ పిలిస్తే అదనపు ఛార్జీ లేకపోవడం, ఇవి ఉంటే పాత ఫర్నేస్‌కు లాభమే. ఊరికే వచ్చి ఫిల్టర్ చూసి వెళ్లి, "ఇది మార్చాలి, అది మార్చాలి" అనే చెకప్ అయితే వద్దు. వారంటీలో ఉన్న కొత్త ఫర్నేస్ అయినా ఏడాదికోసారి చూపించిన బిల్లు దాచండి. క్లెయిమ్ చేసేటప్పుడు మెయింటెనెన్స్ రుజువు అడగొచ్చు.

గోడపక్కన:
మాకు పోయిన చలికాలం ఇంకా పెద్ద మాట చెప్పారు. చెకప్‌కు వచ్చినాయన హీట్ ఎక్స్ఛేంజర్ పగిలిందని, ఫర్నేస్ మొత్తం ఈరోజే మార్చాలని అన్నారు. కొత్తదానికి కొటేషన్ కూడా వెంటనే చేతిలో పెట్టారు. ఇంట్లో అందరం భయపడ్డాం. పగులు చూపించమంటే "కనపడదు, మాకు తెలుస్తుంది" అన్నారు. ఫర్నేస్ ఆపేసి మర్నాడు ఇంకొకరిని పిలిచాం. ఆయన కెమెరా లోపలికి పంపి ప్రతి గొట్టం మాకు చూపించారు. పగులు లేదు, తుప్పు మచ్చ మాత్రమే. గాలిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా కొలిచి చూపించారు. ఆ ఫర్నేస్ ఇప్పటికీ నడుస్తోంది.

పానాపెట్టె:
మీరు ఫర్నేస్ ఆపేసి రెండో మనిషిని పిలవడం చాలా మంచి పని. ఇక్కడ రెండు వైపులా జాగ్రత్త కావాలి. నిజంగా పగిలితే అది చిన్న విషయం కాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఇంటి గాలిలో కలవొచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పడకగదుల దగ్గర దాన్ని పసిగట్టే అలారం లేనివాళ్లు ఈ చర్చ చదవడం ఆపి ముందు అది పెట్టుకోండి. అలారం మోగినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చినా వెంటనే బయటికి వచ్చేయండి. ఫోన్లన్నీ బయట నుంచే.

అదే సమయంలో, అమ్మకం కోసం ఈ మాట వాడేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఫొటో గానీ కెమెరా వీడియో గానీ చూపించమనండి. నిజమైన పగులును చూపించడానికి ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇంకోటి, చాలా కంపెనీలు హీట్ ఎక్స్ఛేంజర్‌కు మిగతా పార్టుల కంటే ఎంతో ఎక్కువ కాలం వారంటీ ఇస్తాయి, కొన్ని 20 ఏళ్లు, కొన్ని జీవితకాలం. పార్టు ఉచితంగా వచ్చినా లేబర్ మీదే. విప్పి బిగించడం పెద్ద పని కాబట్టి ఆ లేబరే భారీగా ఉంటుంది. ఫర్నేస్ వయసు 15 దాటి, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగానికి వస్తుంటే నేనైతే రిపేరు చెయ్యమనను. ఏడెనిమిదేళ్లదైతే వారంటీ వాడుకుని బాగుచేయించమంటాను.

తూర్పుగది:
కొత్తిల్లు గారూ, ఏమైంది? వెచ్చబడ్డారా?

కొత్తిల్లు:
వెచ్చబడ్డామండీ! అందరికీ చాలా థ్యాంక్స్. పొద్దున ఒక అమ్మాయి వచ్చింది. ముందు బోర్డు మీద లైటు ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టి, తలుపు లోపలి చార్టులో చూసింది. తర్వాత మీటరు పెట్టి సెన్సార్ కరెంటు కొలిచింది. 1 మైక్రోయాంప్ కూడా లేదు. తీసి తుడిచి మళ్లీ కొలిస్తే 3 దాటింది. బోర్డు నిక్షేపంలా ఉందట. ఫిల్టర్ మాత్రం అట్టలా గట్టిపడి ఉంది, పాతవాళ్లు ఎప్పుడు మార్చారో తెలియదు. నేనే కొత్తది తెచ్చి వేశాను. రమణి గారు చెప్పినట్టు అడిగితే చూసే ఛార్జీ బిల్లులో తగ్గించారు. ఫోన్‌లో బోర్డుకు చెప్పిన మొత్తంలో దాదాపు నాలుగో వంతుతో అయిపోయింది. కొలతలు రెండూ బిల్లు మీద రాయించుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. ఇల్లు మాకు రెండో చేతిలో వచ్చింది కదా, ఆ హీట్ ఎక్స్ఛేంజర్ వారంటీ మాకు వర్తిస్తుందా?

పానాపెట్టె:
కొలతలు రాయించుకున్నారు చూడండి, అది బాగుంది. వచ్చే ఏడాది మళ్లీ ఇదే వస్తే పోల్చుకోవచ్చు.

వారంటీ కంపెనీని బట్టి ఉంటుంది. కొన్ని మొదటి యజమానికే ఇస్తాయి. కొన్ని ఇల్లు చేతులు మారాక నిర్ణీత గడువులో మీ పేరు మీదికి మార్పించుకుంటే కొనసాగిస్తాయి. కొన్నిచోట్ల ఇల్లు అమ్మగానే కాలం తగ్గిపోతుంది. కొన్నప్పుడు రిజిస్టర్ చెయ్యకపోతే పార్టుల వారంటీ 10 ఏళ్లకు బదులు 5 ఏళ్లే అయ్యే కంపెనీలు చాలా ఉన్నాయి. మీది 13 ఏళ్లది కాబట్టి మామూలు పార్టుల మీద ఆశ పెట్టుకోకండి, హీట్ ఎక్స్ఛేంజర్ ఒక్కటే చూడాలి. మూత తీస్తే లోపల స్టిక్కర్ మీద మోడల్, సీరియల్ నంబర్లు ఉంటాయి. ఫొటో తీసి పెట్టుకుని, కంపెనీ సైటులో సీరియల్ నంబరు కొట్టి చూడండి. మీరు ఇల్లు కొని ఇంకా ఏడాది కాలేదు కాబట్టి బదిలీ గడువు ఉంటే ఈ వారమే అడగండి.

కొత్తిల్లు:
ఫొటో ఇప్పుడే తీశాను. కంపెనీకి రాస్తున్నాను, జవాబు రాగానే ఇక్కడ పెడతాను.