గేమ్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి, ఎలా సరిచేయాలి?

నమస్కారం. మాది విజయనగరం. మా తమ్ముడూ నేనూ కలిసి 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం మీద ఒక చిన్న స్ట్రాటజీ గేమ్ తయారు చేస్తున్నాం. కోట ముట్టడి, బుస్సీ ఫిరంగులు, రాజాం నుంచి తాండ్ర పాపారాయుడి దళం రావడం, అన్నీ బాగానే నడుస్తున్నాయి. తెర మీద తెలుగే పాడవుతోంది.

'విజయనగరం' కొంత నయం, గుడి కాస్త పక్కకి జరిగినా చదవొచ్చు. 'బొబ్బిలి' మాత్రం 'బొ బ్ బి లి' అని విడిపోతోంది. 'తాండ్ర'లో క్రావడి కిందికి చేరక 'డ్ ర' అని వస్తోంది. ఊరి పేరే సరిగ్గా పడకపోతే మా నాన్నకి ఏం చూపించను? ఆయన కోసమే తెలుగులో చేస్తున్నాం.

ఫాంట్ లోపమేమో అని నోటో సాన్స్ తెలుగు పెట్టాను, అదే తీరు. అదే ఫాంట్ నోట్‌ప్యాడ్‌లో శుభ్రంగా కనిపిస్తోంది. అంటే అక్షరాలను కలిపే షేపింగ్ జరగడం లేదని నా అనుమానం. కోడ్ సీ ప్లస్ ప్లస్, అక్షరాలు గీయడానికి ఎస్‌డీఎల్ టీటీఎఫ్ వాడుతున్నాం. దాన్ని, షేపింగ్ చేసే హార్ఫ్‌బజ్ లైబ్రరీతో కలిపి మళ్లీ కంపైల్ చేస్తే చాలా? లేక ప్రతి ఫాంట్‌కీ లిపి తెలుగు అని కోడ్‌లో విడిగా చెప్పాలా?

ఇంకొకటి. బటన్ల ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకి సరిపెట్టాం, అందుకని కింది ఒత్తులు సగానికి తెగిపోతున్నాయి. తమ్ముడి 1366×768 ల్యాప్‌టాప్‌లో స్కేలింగ్ 125 శాతం పెడితే దళం వివరాల పెట్టె తెర బయటికి పోతోంది. తెలుగులో గేమ్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. అవసరమైన కోడ్ ముక్క పెడతాను.