చంటిబిడ్డ ఉన్న ఇంట్లో బాల్కనీ తోట: బెంగళూరు వాళ్లు సలహా చెప్పండి

హొరమావు_కుండీలు
బాలింత, 3 నెలల పాప ఇంకో 10 రోజుల్లో పుట్టింటి నుంచి వస్తున్నారు. నాలుగో అంతస్తు, తూర్పు బాల్కనీ, పొడవు 10 అడుగులు, వెడల్పు 4. ఎండ ఉదయం 7 నుంచి 11 వరకే. కుండీలు 22, వాటిలో 12 అంగుళాలవి 8, మిగతావి 8 అంగుళాలవి. టొమాటో, వంగ, మిర్చి, కరివేపాకు, పుదీనా, తోటకూర, రెండు గులాబీలు, ఒక అడీనియం, మనీప్లాంట్ ఉన్నాయి. నీళ్లు బోరు, ట్యాంకరు కలిపి వస్తాయి. రోజుకి 15 నిమిషాలకు మించి తోటకి దొరకదు. ఏవి ఉంచాలి, నీళ్లకి ఏం ఏర్పాటు చేయాలి, పాప విషయంలో ఏం చూసుకోవాలి?

ఆకుకూరల_అత్తయ్య
ముందు టొమాటో, వంగ తీసేయండి బాబూ. మనసొప్పదు, తెలుసు. కానీ 4 గంటల ఎండకి టొమాటో సాగుతుందే తప్ప కాయదు. పైగా నీళ్లు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అయితే కాయ అడుగు నల్లబడుతుంది, పైన పగులుతుంది. మొక్కకి కాల్షియం అందేది నీళ్లతోనే కాబట్టి. వంగకి కొమ్మ తొలిచే పురుగు వారానికోసారి చూడాల్సిందే. వాలిన చివరను రెండంగుళాలు కిందికి తుంచి ఇంటి బయట పారేయాలి. పసిబిడ్డతో ఆ వారం తప్పుతుంది, పురుగు కాయల్లోకి పోతుంది. గులాబీలకీ ఈ ఎండ చాలదు, వానాకాలంలో ఆకుల మీద నల్లమచ్చ వస్తుంది. ఎండ బాగా ఉన్న ఇంటికి ఇచ్చేయండి.

ఉంచాల్సినవి కరివేపాకు, పుదీనా, మిర్చిలో రెండు కుండీలు, తోటకూర. బచ్చలి, వాము ఆకు లేకపోతే ఒక్కో కొమ్మ తెచ్చి గుచ్చండి, అవే పాకుతాయి.

వీటన్నిటికన్నా మెంతికూర మంచిది. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, 4 అంగుళాల లోతు ఉన్న టబ్బు చాలు. పోపుడబ్బాలో మెంతులు 4 చెంచాలు 6 నుంచి 8 గంటలు నానబెట్టి, మట్టి మీద పలచగా పరిచి, పైన పావు అంగుళం మట్టి చల్లి, తడిగుడ్డ కప్పండి. రెండో రోజు మొలకలు గుడ్డని ఎత్తుతుంటాయి, అప్పుడే తీసేయాలి. ఒక్కరోజు ఆలస్యమైతే తెల్లగా సాగి పడిపోతాయి. 20 నుంచి 25 రోజుల్లో వేళ్లతో సహా పీకి వండుకోవచ్చు. 10 రోజులకొక టబ్బు చొప్పున మూడు టబ్బులు తిప్పితే ఇంట్లో మెంతికూర ఎప్పుడూ ఉంటుంది. పెంపకం ఏమీ ఉండదు, విత్తడం, నీళ్లు, పీకడం. నిద్రలేని ఇంటికి ఇంతకంటే నప్పే పంట లేదు.

డ్రిప్పు_బ్రదర్
22 కుండీలకి చెంబుతో పోయడమంటేనే 15 నిమిషాలు అయిపోతాయి. డ్రిప్పు పెట్టండి బ్రదర్. 16 ఎం.ఎం. పైపు ఒకటి గోడ వెంట, దాని నుంచి ఒక్కో కుండీకి 4 ఎం.ఎం. సన్న పైపు, చివర గంటకి 2 లీటర్ల డ్రిప్పరు. 10 నిమిషాలు తిరిగితే కుండీకి 330 మిల్లీలీటర్లు. 8 అంగుళాల కుండీకి మామూలు రోజుల్లో అది చాలు. 12 అంగుళాల వాటికి రెండేసి డ్రిప్పర్లు. మార్చి నుంచి మే దాకా పొద్దున, సాయంత్రం రెండుసార్లు.

ఎక్కువమంది తప్పు చేసేది టైమరు కొనేటప్పుడు. కుళాయికి బిగించే టైమర్లలో రెండు రకాలున్నాయి. సోలినాయిడ్ వాల్వు (విద్యుత్ అయస్కాంతంతో పనిచేసేది) ఉన్నది మూసుకోవాలంటే నీళ్ల ఒత్తిడి కావాలి. బకెట్టు పైన పెట్టి నడిపితే అది సరిగా మూసుకోదు, కారుతూనే ఉంటుంది. బాల్ వాల్వు ఉన్నది మోటారుతో తిరుగుతుంది, ఒత్తిడి లేకపోయినా పనిచేస్తుంది. బాల్కనీలో కుళాయి లేని ఇళ్లకి అదే కావాలి.

రెండోది, డబ్బాని మీటరు ఎత్తున పెడితే వచ్చే ఒత్తిడి 0.1 బార్ మాత్రమే. ప్రెషర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు, అంటే ఒత్తిడి మారినా ఒకే ధార ఇచ్చేవి, అంత తక్కువకి తెరుచుకోవు. మామూలు డ్రిప్పర్లు నడుస్తాయి గానీ ధార సుమారు మూడో వంతుకి పడిపోతుంది. కాబట్టి ప్యాకెట్ మీద రాసింది నమ్మొద్దు. మొదటి డ్రిప్పరు కింద ఒక గ్లాసు, చివరి డ్రిప్పరు కింద ఒక గ్లాసు పెట్టి 10 నిమిషాలు వదిలి కొలవండి. రెండు గ్లాసుల మధ్య తేడా బాగా ఉంటే పైపు ఎక్కడో మడత పడిందని లెక్క.

మీవి బోరు నీళ్లు కాబట్టి నెలకోసారి డ్రిప్పర్లు ఊడదీసి, లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా నిమ్మఉప్పు కలిపి అరగంట నానబెట్టండి. తెల్లటి సున్నం పొర కరిగి బుడగలు వస్తాయి. తర్వాత మంచినీళ్లతో కడిగి బిగించాలి.

వత్తి_విధానం
డ్రిప్పు మంచిదే, కానీ 4 అడుగుల వెడల్పులో పైపులు కాళ్లకి అడ్డం. చేతిలో బిడ్డ ఉన్న మనిషికి కాలికి తట్టుకునేది ఏదీ ఉండకూడదు. పైపుని నేల మీద కాకుండా గ్రిల్లుకి కట్టండి, లేదా చిన్న కుండీలకి వత్తి పెట్టండి.

పాత 10 లీటర్ల పెయింటు డబ్బాలో నీళ్లు. మూతకి చిల్లు పెట్టి, దాని మీద కుండీ. కుండీ అడుగు రంధ్రం నుంచి రెండు పాలియెస్టర్ తాళ్లు డబ్బా అడుగు దాకా దిగాలి, పైన కుండీ మట్టిలో సగం ఎత్తు దాకా పోవాలి. నూలు తాడు వద్దు, తొందరగా కుళ్లిపోతుంది. వత్తి నీళ్లని 15, 20 సెంటీమీటర్లకు మించి బాగా లాగలేదు, అందుకే డబ్బాలో నీళ్లు సగానికి దిగగానే నింపాలి. మొదటిసారి పైనుంచి నీళ్లు పోసి మట్టి, తాడు రెండూ తడపాలి. పొడి వత్తి నీళ్లు లాగదు. చాలామంది ఇది చేయక, పనిచేయట్లేదని తీసి పారేస్తారు.

వత్తి పెట్టే కుండీలకి మట్టి కూడా మార్చాలి. ఎర్రమట్టి ఎక్కువుంటే వత్తి మీద బురదై వేరుకి గాలి ఆడదు. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) 5 పాళ్లు, వర్మికంపోస్టు (వానపాముల ఎరువు) 3, వరి ఊక గానీ పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) గానీ 2. కోకోపీట్ దిమ్మని పొడిగా విరగ్గొట్టకండి, ఆ దుమ్ము ఇల్లంతా తేలుతుంది. 5 కిలోల దిమ్మని టబ్బులో పెట్టి 20, 25 లీటర్లు పోస్తే దానంతటదే ఉబ్బి విడిపోతుంది. ఆ నీళ్లు పిండి పారబోయండి, ఉప్పు పోతుంది. పాప రాకముందే ఈ పని అయిపోవాలి.

శుభ్రం_ముందు
వత్తి డబ్బాలు పెట్టేవాళ్లు దోమల సంగతి మర్చిపోకండి. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. మూతకి, తాడుకి మధ్య సందు ఉంటే అది చాలు దానికి. సందుని సన్న దోమతెర ముక్కతో కట్టేయాలి. కుండీల కింది ప్లేట్లు వారానికోసారి పారబోయడంతో సరిపోదు, పీచుతో రుద్దాలి. గుడ్లు అంచుకి అంటుకుని నెలల తరబడి ఎండిపోయి ఉండి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. అన్నిటికంటే మంచిది ప్లేట్లు తీసేసి ఇటుక ముక్కల మీద కుండీలు పెట్టడం.

మట్టి చేతుల విషయం. మట్టిలో, పశువుల ఎరువులో ధనుర్వాతం కలిగించే క్రిముల బీజాలు ఉంటాయి. బొడ్డు ఊడి మానేదాకా బిడ్డని పట్టుకునే చేయి శుభ్రంగా ఉండాలి, ఆ బొడ్డుకి పసుపు, బూడిద, ఆకు పసరు ఏదీ పూయకూడదు. మీ పాపకి ఆ దశ దాటింది. అయినా పద్ధతి మారదు. తోటకి ఒక పాత చొక్కా విడిగా, బాల్కనీ తలుపు పక్కనే మేకుకి. చేతికి తొడుగులు. పని అయ్యాక సబ్బుతో 20 సెకన్లు, గోళ్ల సందులు బ్రష్‌తో. చొక్కా అక్కడే విప్పి లోపలికి రావాలి. బిడ్డని భుజాన వేసుకునేది అదే బట్ట మీద కాబట్టి చేతులు కడిగితే ఒక్కటే చాలదు.

రాత్రి పాలకి లేచి మళ్లీ నిద్ర పట్టని వేళ మొక్కల దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. అప్పుడు చూడటం, ఎండుటాకు తుంచడం వరకే. మట్టి పని బిడ్డని పట్టుకోడానికి ఇంకో మనిషి ఉన్నప్పుడే.

పెద్దాపరేషన్ అయి ఉంటే డాక్టర్లు సాధారణంగా 6 వారాల దాకా బిడ్డ కంటే బరువైనది ఎత్తొద్దంటారు. తడి మట్టితో 12 అంగుళాల కుండీ 15 కిలోల పైమాటే. 3 నెలలైనా కుండీలు జరిపే పని మీరే చేయండి, లేదా చక్రాల పీటలు కొనండి.

హొరమావు_కుండీలు
అందరికీ ధన్యవాదాలండీ. టొమాటో, వంగ, గులాబీలు ఇచ్చేస్తున్నాను. ఇంకో రెండు ప్రశ్నలు. పాప స్నానం నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు కుండీలకి పోయొచ్చా? మొన్న వేసవిలో నీళ్లకి ఎంత కటకటో తెలుసు కదా. పేడ, గోమూత్రం పులియబెట్టి చేసే జీవామృతం వాడొచ్చా?

నీటిబొట్టు_బెళందూరు
2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీళ్లు తోటలకి వాడొద్దని నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. ఆ అలవాటు అప్పటితో పోకూడదు. కానీ ఏ నీళ్లన్నది చూడాలి.

పాప స్నానం నీళ్లలో రెండు విషయాలు. నూనె రాసి నలుగు పెట్టిన నీళ్లు అయితే, ఆ నూనె మట్టి మీద పొరలా కూర్చుని తర్వాత పోసిన నీళ్లు లోపలికి ఇంకవు, అంచు నుంచి జారిపోతాయి. శనగపిండి ముద్దలు పులిసి చీమలు, చిన్న ఈగలు చేరతాయి. కాబట్టి ఆఖరున పోసే చెంబుల నీళ్లు మాత్రమే పట్టండి, అవీ కరివేపాకు, పూలమొక్కలకే. ఆకుకూరలకి వద్దు.

గుడ్డ డైపర్ల నీళ్లు, మలం తగిలిన నీళ్లు ఏ మొక్కకీ వద్దు. మామూలు బట్టల సబ్బు నీళ్లలో సోడియం ఎక్కువ, మట్టి బిగుసుకుపోతుంది. మూడోసారి జాడించినవి పనికొస్తాయి, అందులో యాంటీసెప్టిక్ ద్రవం కలపకపోతేనే. అది మట్టిలోని మంచి సూక్ష్మజీవులని కూడా చంపుతుంది. ఆర్‌ఓ మిషను వదిలే నీళ్లు బోరు నీళ్ల కంటే ఉప్పన, కుండీలకి వద్దేవద్దు. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు ఏ రోజువి ఆ రోజే పోసేయండి.

బోరు నీళ్లతో ఇంకొకటి. లేత ఆకు పసుపై ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము అందకపోవడం. మట్టిలో ఇనుము ఉంటుంది, క్షారం పెరిగి వేరు తీసుకోలేదు. అప్పుడు యూరియా వేసినా ప్రయోజనం ఉండదు. చీలేటెడ్ ఐరన్ (వేరు తీసుకోగలిగే రూపంలోని ఇనుము) వాడాలి, వానాకాలంలో గ్రిల్లు బయటికి బకెట్టు పెట్టి వాన నీళ్లు పట్టి పోయాలి.

పెరటి_శాస్త్రి
జీవామృతం పొలానికి గొప్పది. 40 చదరపు అడుగుల బాల్కనీలో, పడగ్గది కిటికీ పక్కన, పచ్చి పేడ నీళ్లు ఈగలని తెస్తాయి. ఆకుకూరల మీద పడితే క్రిములూ చేరతాయి. ఈ ఏడాదికి మాగిన వర్మికంపోస్టు చాలు. 12 అంగుళాల కుండీకి నెలకి రెండు గుప్పెళ్లు, దానితో ఒక చెంచా వేపపిండి.

వేపపిండి, వేపనూనె సహజమైనవి కదా అని కింద పెట్టకండి. వేపనూనె పసిపిల్లల కడుపులోకి పోతే వాంతులు, మగత, ఫిట్స్ దాకా పోతుంది. తాళం వేసే అరలో, అసలు సీసాలోనే ఉంచాలి, తాగే నీళ్ల సీసాల్లోకి ఎప్పుడూ పోయకూడదు. పిండినల్లికి, పేనుబంకకి ముందు గట్టి నీళ్ల ధార, వేలితో తుడవడం. తగ్గకపోతే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, 2 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు, సాయంత్రం పూట. ఆ రోజు బాల్కనీలో పాప బట్టలు ఆరేసి ఉండకూడదు, తలుపులు మూసి ఉండాలి.

బట్టల మాట వచ్చింది కాబట్టి. మీ బాల్కనీకి దగ్గర్లో మునగ చెట్టు ఉంటే చూసుకోండి. గొంగళి పురుగుల నూగు గాలికి కొట్టుకొచ్చి ఆరేసిన బట్టల మీద పడితే పాప ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. ఆ కాలంలో బట్టలు లోపలే ఆరేయాలి.

పాకే_పాపల_అమ్మ
ఇప్పటి నుంచే ఒక తేదీ రాసిపెట్టుకోండి. 7వ నెల దాటాక పాకడం మొదలవుతుంది, ఆలోపు బాల్కనీ రూపం మారిపోవాలి.

గ్రిల్లు పక్కన కుండీలు, మెట్ల స్టాండ్లు ఉండకూడదు. నిలబడటం వచ్చిన బిడ్డకి కుండీ అంటే మెట్టు. నాలుగో అంతస్తులో ఈ ఒక్క మాట మిగతా అన్నిటికన్నా ముఖ్యం. కుండీలు ఇంటి గోడ వైపుకి, స్టాండుని గోడకి స్క్రూలతో బిగించండి. కుండీల పైన పరిచిన గులకరాళ్లు, మట్టి గోళీలు గొంతుకి అడ్డం పడే సైజువే, అవి తీసేసి కొబ్బరిపీచు పరచండి. నీళ్ల బకెట్టు, డ్రిప్పు డబ్బా మూత లేకుండా ఉండకూడదు. రెండంగుళాల నీళ్లు కూడా పాకే బిడ్డకి ప్రాణాపాయం.

అడీనియం పాలలో గుండె మీద పనిచేసే విషం ఉంది, గన్నేరులో ఉన్నట్టే. దాన్ని ఇప్పుడే ఇచ్చేయండి. మనీప్లాంట్, డైఫెన్‌బాకియా నమిలితే నోరు మండి వాస్తుంది. మనీప్లాంట్‌ని పైకి వేలాడదీస్తే సరిపోదు, తీగ కిందికి దిగుతుంది, ఆకు రాలుతుంది.

ఇంకో మాట అత్తయ్య గారి మెంతికూరకి కలుపుతాను. 6 నెలల దాకా పాపకి తల్లిపాలు తప్ప ఏదీ వద్దు, ఆ ఆకు వంట బాలింతకే. 6 నెలల తర్వాత పాలకూర లాంటివి పెట్టేటప్పుడు అప్పుడే వండి అప్పుడే పెట్టాలి. వండి దాచిన ఆకుకూరలో నైట్రేటు నైట్రైటుగా మారుతుంది, అది పసిబిడ్డకి హాని. నీడలో పెరిగి యూరియా తిన్న ఆకులో నైట్రేటు ఇంకా ఎక్కువ. మీది 4 గంటల ఎండ కాబట్టి యూరియా జోలికి పోకండి.

హొరమావు_కుండీలు
అడీనియం సాయంత్రమే వెళ్లిపోతుంది. 3 నెలలు సరిగా చూడక కొన్ని కుండీలు ఎండి మట్టి గట్టిపడింది. నీళ్లు పోస్తే పక్క నుంచి కారిపోతున్నాయి. మట్టి మొత్తం మార్చాలా?

ఆకుకూరల_అత్తయ్య
అక్కర్లేదు. కోకోపీట్ కలిపిన మట్టి పూర్తిగా ఎండితే నీళ్లని తోసేస్తుంది, అంతే. టబ్బులో నీళ్లు పోసి కుండీని సగం ఎత్తు దాకా ముంచండి. మట్టిలోంచి బుడగలు వస్తాయి. అవి ఆగేదాకా, అంటే 30, 40 నిమిషాలు, ఉంచి తీసి ఓరగా పెట్టి నీళ్లు కారనివ్వండి. రోజుకి రెండు కుండీలు చేస్తే పాప వచ్చేలోపు అయిపోతాయి. కరివేపాకు మోడులా కనిపిస్తే కాండం మీద గోరుతో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. నేల నుంచి జానెడు ఎత్తులో కత్తిరించి వదిలేయండి, రెండు మూడు వారాల్లో చిగురేస్తుంది.