అప్‌డేట్: మా బాబు మాటల గురించి

రెండేళ్లు నిండుతున్నా బాబు "అమ్మ", "తాత" తప్ప ఏమీ అనట్లేదని, నేను తెలుగు, మావారు ఒడియా మాట్లాడటమే కారణమా అని అడిగాను కదా. ముందు చెవులు చూపించమన్నవాళ్లకి థాంక్సండీ. బెరా అనే వినికిడి టెస్ట్ చేయించాం, బాగానే వినిపిస్తోంది. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావని, ఏదీ మానొద్దని స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు (మా అమ్మ ఇంకా నమ్మట్లేదు!).

వాడు వేలు చూపించినదాని పేరు చెప్పి, వాడికి మాట్లాడే వంతు ఇస్తూ కాసేపు ఆగమన్నారు. ఆ ఆగడమే మహా కష్టం, నోరు ఊరుకోదు మనకి. మొన్న వైజాగ్ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన 91 మీటర్ల కుర్సురా సబ్‌మెరైన్ చూసి "పెద్ద చేప" అన్నాడు. రెండు మాటలు కలిపేశాడు! థెరపీ మాత్రం ఇంకా నడుస్తోంది. "ర" సరిగ్గా పలకడం నాలుగైదేళ్ల వయసుకి వచ్చినా మామూలేనట.